చీమ పేరున్న బిమారీ

అరబీలో చీమను నమ్లా అంటారు. ఖుర్ఆన్‌లో 27వ సూరా పేరు సూరా నమ్ల్. సులైమాన్ అలైహిస్సలాం లష్కర్ వస్తుంటే ఒక చీమ తన తోటి చీమల్ని హెచ్చరించిన ఖిస్సా అందులోనిదే. అరబీ చదువుకోవడానికి ఆపాజాన్ దగ్గరికి పోయిన పిల్లలందరికీ ఆ ఖిస్సా తెలుసు. అదే మాట మన యూనానీ తిబ్‌లో ఒక బిమారీ పేరు కూడా. చర్మం ఎర్రబడి, దాని మీద సన్నటి నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి. చీమ కుట్టినట్టు చురుక్కుమంటాయి. ఒకచోట మానితే పక్కన లేస్తాయి. హకీములు అందుకే దానికి నమ్లా అని పేరు పెట్టారు. 1025 ప్రాంతంలో ఇబ్నె సీనా పూర్తి చేసిన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'లో నమ్లా ప్రస్తావన ఉంది. ఈనాటి డాక్టర్లు హెర్పిస్ అంటున్నది ఆ పేరు కిందికే వస్తుంది. అప్పట్లో ఇంకొన్ని చర్మరోగాలనూ అందులోనే కలిపేసేవారు.

హెర్పిస్ అన్న మాట యూనాన్ వాళ్ళది. వాళ్ళ భాషలో 'హెర్పెయిన్' అంటే పాకడం. సంస్కృతంలో పాకేదాన్ని సర్పం అంటాం కదా, ఆ ధాతువూ ఈ గ్రీకు మాటా ఒక తల్లి బిడ్డలే. తెలుగులో కొందరు డాక్టర్లు హెర్పిస్‌ను సర్పి అని రాస్తారు. డిగ్రీలో తెలుగు చదివినవాణ్ణి కాబట్టి ఈ చుట్టరికం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మా పాకాల వైపు అరవదేశం దగ్గర కావడంతో అక్కి అనే మాట కూడా వినిపిస్తుంది. అయితే నడుం చుట్టూ పట్టీలా లేచే అక్కి వేరు. చిన్నప్పుడు అమ్మవారు పోసిన వైరస్సే ముసలితనంలో అలా తిరిగి వస్తుంది. దానికి దాయాది వైరస్ ఇంకొకటుంది. అది పెదవి మీద లేస్తే జ్వరప్పొక్కు అని ఊరుకుంటాం. అదే నాభి కింద లేస్తే ఇంట్లో ఖయామత్ వచ్చేస్తుంది. నేను రాస్తున్నది ఆ రెండోదాని గురించే.

మన పెద్దలకు ఇంకో రకం మాటలూ ఉన్నాయి. ఆతిషక్ అంటే సవాయి రోగం, అందులో ఆతిష్ ఉంది, నిప్పు. సోజాక్‌లో సోజ్ ఉంది, మంట. తెలుగువాళ్ళు కూడా సోజాక్‌ను సెగరోగం అనే అన్నారు. ఫార్సీవాడికీ తెలుగువాడికీ ఒకే ఉపమానం తట్టింది. ఆతిషక్ మన దేశంలోకి పోర్చుగీసువాళ్ళు వచ్చిన కాలంలో దిగింది. అందుకే ఇరాన్ హకీములు దాన్ని ఆబ్లా ఎ ఫరంగ్ అన్నారు, అంటే ఫరంగీవాడి పొక్కు. 16వ శతాబ్దపు భావప్రకాశలో భావమిశ్రుడు ఫిరంగ రోగం అన్నాడు. ఈ నిప్పు పేర్ల బిమారీలకు మొదటినుంచీ జినా అనే తోహ్మత్ అంటుకునే ఉంది. చీమ పేరున్న మన నమ్లాకు మాత్రం చాలా శతాబ్దాలు ఆ నింద లేదు. అది ఒంటి మీద ఎక్కడైనా లేచే పొక్కు, అంతే.

ఆ మధ్య ఒక బహెన్ ఫోన్ చేశారు. నా రాతలు చదువుతారట. నిఖా అయి ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు. జ్వరం వచ్చి తగ్గాక పొక్కులు లేచాయి. డాక్టరమ్మ చూసి హెర్పిస్ అని చీటీ మీద రాసింది. ఆ చీటీ ఆడబిడ్డ కంటపడింది. "భాయిజాన్, నేను ఏ గునాహ్ చేయలేదు. ఆయన ఖురాన్ ఎత్తి ప్రమాణం చేయమంటున్నారు" అన్నారు. ప్రస్తుతం పుట్టింట్లో ఉన్నారు. మౌల్వీ సాబ్‌ను అడగడానికి షరమ్, డాక్టర్‌ను మళ్ళీ అడగడానికి భయం. ఆమెకు ఫోన్‌లో చెప్పింది కొంతే. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఈ బిమారీ తారీఖ్ తెలిస్తే ఆ చీటీలో ఏం రాసి ఉందో, ఏం రాసి లేదో తెలుస్తుంది.

నమ్లాను నాభి కిందికి దించి రాసింది ఫ్రాన్స్ వైద్యుడు జాన్ ఆస్ట్రుక్. 1736లో సుఖవ్యాధుల మీద ఆయన వేసిన పెద్ద కితాబులో మర్మస్థానాల్లో లేచే హెర్పిస్ వర్ణన ఉంది. సుఖవ్యాధి అనే మన తెలుగు మాట నాకెప్పుడూ మింగుడుపడదు. ఎవరి సుఖం? చాలా ఇళ్ళలో భర్త తెచ్చిన రోగాన్ని మోసే బీబీకి అందులో సుఖం ఎక్కడుంది?

తర్వాతి వంద, నూటయాభై ఏళ్ళలో ఈ రోగాలు వైద్యుల చేతుల్లోంచి పోలీసుల చేతుల్లోకి పోయాయి. మన జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. గోరా సిపాయిలు ఆతిషక్, సోజాక్‌లతో మంచం పడుతున్నారని కంపెనీ కాలంలోనే మద్రాసులోనూ, ప్రెసిడెన్సీ కంటోన్మెంట్లలోనూ లాక్ హాస్పిటళ్ళు పెట్టారు. 1868లో ఇండియాకు అంటురోగాల చట్టం వచ్చింది. దాని ప్రకారం వేశ్యావృత్తిలో ఉన్న ఆడవాళ్ళు పేరు రాయించుకోవాలి, టికెట్ పెట్టుకోవాలి, పిలిచినప్పుడల్లా వచ్చి తనిఖీ చేయించుకోవాలి. రోగం ఉందంటే తగ్గేదాకా లోపల పెట్టేస్తారు. వాళ్ళ దగ్గరికి పోయే సిపాయికి ఆ చట్టంలో టికెట్ లేదు, తనిఖీ లేదు. ఇంగ్లండ్‌లో ఇలాంటి చట్టం మీదే జోసెఫిన్ బట్లర్ ఏళ్ళ తరబడి పోరాడింది. అక్కడ 1886లో, ఇక్కడ 1888లో రద్దయ్యాయి. చట్టమైతే పోయింది గానీ రోగం కనిపిస్తే ముందు ఆడమనిషిని నిలబెట్టి అడిగే ఆదత్ మాత్రం ఇళ్ళలో ఉండిపోయింది.

ఇక మా పాకాల. 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది, అంతకుముందు చిత్తూరు జిల్లా. ఊరు రైలు వల్ల పెరిగిన ఊరు. ఇక్కడినుంచి ఒక పట్టా తిరుపతికి, ఒకటి పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరానికి, ఒకటి చిత్తూరు దాటి కాట్పాడికి పోతుంది. మీటర్‌గేజ్ కాలంనుంచీ జంక్షనే. కాట్పాడి అరవై కిలోమీటర్ల పైచిలుకు. కాట్పాడి అంటే మాకు వేలూరు, వేలూరంటే సీఎంసీ. పెద్ద బిమారీ వస్తే అక్కడికి పోవడం ఒక కారణం. చెప్పుకోలేని బిమారీ వస్తే అక్కడికి పోవడం ఇంకో కారణం. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది. కానీ తిరుపతి ఆస్పత్రి వరండాలో మన బిరాదరీవాళ్ళు ఎవరో ఒకరు తగులుతారు. వేలూరులో తగలరని ఆశ. (తగులుతారు. వాళ్ళూ ఆ ఆశతోనే వచ్చి ఉంటారు.) ధర్మవరం పట్టా మీద మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి ఉంది. ఒకప్పుడు క్షయ కూడా ఇలా దాచుకునే రోగమే.

వేలూరు ఆస్పత్రి పుట్టుకలోనే మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. 1890లలో ఐడా స్కడర్ అనే అమెరికా అమ్మాయి తిండివనంలో తండ్రి దగ్గర ఉంది. తండ్రి డాక్టర్, ఆమె ఇంకా కాదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ముగ్గురి భార్యలూ కాన్పు కాక అవస్థ పడుతున్నారు. మగ డాక్టర్‌ను లోపలికి రానివ్వం, నువ్వు రా అన్నారు. ఆ ముగ్గురిలో ఒకరు ముసల్మాన్. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆమె అమెరికా పోయి డాక్టరై వచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో దవాఖానా మొదలుపెట్టింది. ఆ ముసల్మాన్ భర్త పర్దా పాటించాననుకున్నాడు. ఇలాజ్ కోసం సతర్ విప్పడాన్ని ఫుకహా జరూరత్ కింద జాయజ్ అన్న సంగతి ఆ రాత్రి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు.

ఆ వేలూరుకే 1986లో ఇంకో మూట వచ్చింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సెక్స్ వర్కర్ల రక్తం సేకరించారు. నిర్మల ఆ నమూనాలు తీసుకుని రాత్రి రైల్లో కాట్పాడిలో దిగి సీఎంసీకి వెళ్ళింది. పరీక్షలో ఆరు నమూనాలు పాజిటివ్ వచ్చాయి. హిందుస్తాన్‌లో హెచ్ఐవీ ఉందని అలా తేలింది. చాలా గొప్ప పని, హిమ్మత్ ఉన్న ఆడవాళ్ళు చేసిన పని. సునీతి సోలమన్ తర్వాత జీవితమంతా ఆ రోగుల పక్కనే నిలబడింది. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. 1868లోలాగే 1986లోనూ వెతుకులాట మొదలైంది ఆడవాళ్ళ రక్తంలోనే. హెర్పిస్‌కూ హెచ్ఐవీకీ సంబంధం కూడా ఉంది. పొక్కులు పగిలిన చర్మం తెరిచిన దర్వాజా లాంటిది. రెండో రకం హెర్పిస్ ఉన్నవాళ్ళకు హెచ్ఐవీ సోకే ముప్పు దాదాపు మూడింతలు.

ఫోన్ చేసిన బహెన్‌కు కావలసిన తారీఖ్ మాత్రం ప్రయోగశాలల్లో జరిగింది. 1919లో లోవెన్‌స్టీన్ అనే డాక్టర్ పొక్కులోని నీళ్ళను కుందేలు కంటికి అంటించి, ఇది అంటే రోగమని చూపాడు. 1929లో అమెరికాలో గుడ్‌పాశ్చర్ అనే శాస్త్రవేత్త, పొక్కు మానాక ఈ క్రిమి నరాల ముడుల్లో దాక్కుంటుందేమో అన్నాడు. 1960లలో ఈ వైరస్ రెండు రకాలని తేలింది. ఒకటో రకం ఎక్కువగా నోటి దగ్గర, రెండో రకం ఎక్కువగా కింద. కానీ ఒకటోది కిందికీ చేరగలదు. 1971లో స్టీవెన్స్, కుక్ అనే ఇద్దరు ఎలుకల నరాల ముడుల్లో నిద్రపోతున్న వైరస్‌ను చూపించారు. గుడ్‌పాశ్చర్ అన్నది నిజమైంది. మనుషుల్లోనూ అంతే. కింద సోకిన వైరస్ నరం పట్టుకుని వెన్ను అడుగున ఉండే ముడికి చేరి అక్కడ ఉండిపోతుంది. జ్వరమో, నలతో, నిద్రలేమో, మనోవేదనో తగిలినప్పుడు అదే నరం మీదుగా కిందికి దిగుతుంది. కొందరికి సోకిన వారంలోనే పొక్కులు లేస్తాయి. చాలామందికి ఏమీ లేవవు, లేదా ఒక చిన్న చిరుగులా వచ్చి పోతుంది, వాళ్ళు గుర్తే పట్టరు. ఏళ్ళ తర్వాత మొదటిసారి లేవవచ్చు. పొక్కు లేని రోజుల్లో కూడా ఒకరినుంచి ఒకరికి సోకవచ్చు.

అంటే ఏమైంది? ఈ రోజు పొక్కు లేచిందంటే నిన్నో మొన్నో ఏదో జరిగిందని కాదు. భర్తకు ఎన్నడూ పొక్కు లేవలేదంటే ఆయనకు వైరస్ లేదని కాదు. ఆయనకు పెళ్ళికి ముందే సోకి, తెలియకుండానే భార్యకు ఇచ్చి ఉండవచ్చు. ఒకటో రకమైతే చిన్నతనంలో ముద్దుచేసిన నానీ పెదవి మీది పొక్కునుంచి నోటికి సోకి, పెళ్ళయ్యాక నోటినుంచి భార్యకు చేరి ఉండవచ్చు. రక్తపరీక్ష వైరస్ ఒంట్లో ఉందా లేదా అన్నదే చెబుతుంది. ఎప్పుడు వచ్చిందో, ఎవరినుంచి వచ్చిందో చెప్పదు. ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ చీటీ గవాహీ కాదు.

గవాహీ విషయంలో మన దీన్ ఎంత కఠినంగా ఉందో తెలియని ఇల్లు లేదు. పాక్ దామన్ ఉన్న స్త్రీ మీద జినా తోహ్మత్ వేసి నలుగురు గవాహుల్ని తేలేనివాడికి సూరా నూర్‌లో 80 కొరడా దెబ్బలు, ఆపైన వాడి గవాహీ ఇక చెల్లదు. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా మీద మునాఫిఖులు నింద వేసిన వాఖియా కూడా ఆ సూరాలోదే. ఆ రోజుల్లో ఆమె కూడా పుట్టింట్లో ఏడుస్తూ గడిపారు. జుమా ఖుత్బాల్లో ఈ ఖిస్సా చాలాసార్లు విన్నాం. దాన్ని డాక్టర్ చీటీ దాకా తీసుకొచ్చి చెప్పిన ఖతీబ్ సాబ్‌ను మాత్రం నేను ఇంకా వినలేదు.

దవా సంగతి. గెర్ట్రూడ్ ఎలియన్ అని ఒక అమెరికా రసాయన శాస్త్రవేత్త. ఆడదని ఆమెను చదివిన రోజుల్లో ల్యాబుల్లో ఉద్యోగానికి తీసుకోలేదు. తర్వాత ఆమె బృందం అసైక్లోవిర్ తెచ్చింది. ఈ మందు మామూలు కణంలో పెద్దగా పనిచేయదు. వైరస్ ఉన్న కణంలో, వైరస్ సొంత ఎంజైమే దాన్ని తట్టిలేపుతుంది. అంటే దొంగ చేతనే వాడి చేతికి సంకెళ్ళు వేయించడం. 1982లో అమెరికాలో ముందు పూతమందుగా వచ్చింది. 1988లో ఎలియన్‌కు నోబెల్ దక్కింది. ఈ మందు వైరస్‌ను నరాల ముడినుంచి తరమలేదు. పొక్కుల్ని త్వరగా మాన్పుతుంది, మళ్ళీమళ్ళీ లేవడాన్ని తగ్గిస్తుంది. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో, దీని తర్వాతి మందు వాలసైక్లోవిర్ రోజూ వేసుకుంటే జీవిత భాగస్వామికి సోకడం దాదాపు సగానికి తగ్గింది.

విచిత్రం ఏమిటంటే, మందు వచ్చిన ఆ 1982లోనే షరమ్ కూడా పెరిగింది. ఆగస్టు 2 సంచికలో అమెరికా టైమ్ పత్రిక హెర్పిస్‌ను ముఖచిత్రంగా వేసి, 'కొత్త ఎర్ర అక్షరం' అని అర్థం వచ్చే మకుటం పెట్టింది. పాత అమెరికన్ నవల ఒకదానిలో తప్పుచేసిందన్న ఆడదాని గుండె మీద ఎర్ర అక్షరం కుట్టించి ఊరందరి ముందు నిలబెడతారు, ఆ మాట అక్కడిది. అంతకుముందు అక్కడి జనం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. జర్నలిస్టుగా చెబుతున్నాను, ఒక్క మకుటం ఎంత మందిని చీకటి గదుల్లోకి తోస్తుందో డెస్కు మీద కూర్చున్నవాడికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబర్‌లో చెప్పిన లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళవాళ్ళలో దాదాపు 84 కోట్ల 60 లక్షల మందికి మర్మస్థానాల హెర్పిస్ ఉంది. ప్రతి ఐదుగురిలో ఒకరికంటే ఎక్కువ. ఇంతమంది మీద ఎర్ర అక్షరం కుట్టాలంటే దారం చాలదు.

షరమ్ ఉన్నచోట దుకాణం లేస్తుంది. గుప్త రోగాలకు గ్యారంటీ ఇలాజ్ అనే గోడరాతలు రైల్వే పట్టాల పక్కన మనమందరం చదివాం. 1954 నాటి మంత్రతంత్ర ఔషధాల ప్రకటనల చట్టం సుఖవ్యాధులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే నిషేధించింది. ఆ చట్టం మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది ఎవరో కాదు, మనందరి ఇళ్ళలో రూహ్ అఫ్జా సీసాతో తెలిసిన హమ్‌దర్ద్ దవాఖానాయే. ప్రకటన ఇవ్వడం మా వాక్ స్వాతంత్ర్యం అని వాదించింది. 1959 డిసెంబర్‌లో కోర్టు కొన్ని భాగాలు కొట్టేసింది గానీ, ఇలాంటి వ్యాపార ప్రకటనకు ఆ రక్షణ లేదంది. మన తిబ్‌ను అవమానించారని అప్పట్లో బాధపడ్డవాళ్ళు ఉండవచ్చు. నాకైతే తీర్పులో ఆ ముక్క సబబే అనిపిస్తుంది.

చట్టాల్లో మన ఆడవాళ్ళకు నేరుగా పనికొచ్చేది 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. హనఫీ ఫిఖ్హ్‌లో భార్యకు ఫస్ఖ్ దారి చాలా ఇరుకు. దిక్కులేక కొందరు మతమే వదిలి నిఖా తెంచుకుంటున్న రోజుల్లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ లాంటి ఉలమా మాలికీ ఫిఖ్హ్‌నుంచి వెసులుబాటు తీసుకోవచ్చన్నారు. ఆ చట్టం అలా వచ్చింది. దాని 2వ సెక్షన్‌లో భర్తకు కుష్ఠుగానీ, తీవ్రమైన సుఖవ్యాధిగానీ ఉంటే భార్య కోర్టులో విడాకులు కోరవచ్చని ఉంది. అది పెన్సిలిన్ ఇంకా వాడకంలోకి రాని కాలం, ఆతిషక్ మనిషిని పిచ్చివాణ్ణి చేసి చంపే కాలం. తీవ్రమైన అంటే ఏమిటో చట్టం చెప్పలేదు. 2019లో పార్లమెంటు అందులోంచి కుష్ఠు మాట తీసేసింది. సుఖవ్యాధి మాట ఉంచింది. ఆ హక్కు స్త్రీకి ఉండాల్సిందే. కానీ ఏడాదికి రెండుసార్లు లేచి మానిపోయే పొక్కు ఆ మాట కిందికి వస్తుందని నేననుకోను. అటు భర్త చేతిలో తలాఖ్‌కు సాకుగా మారడం అంతకంటే దారుణం.

కాన్పు ఉన్న ఇళ్ళకు ఒక జరూరీ సంగతి. తల్లికి ఎప్పుడో సోకి ఉంటే ఆమె ఒంటి రక్షణ కొంత బిడ్డకూ అందుతుంది, ముప్పు తక్కువ. నెలలు నిండేటప్పుడు కొత్తగా సోకితే పుట్టే బిడ్డకు ప్రాణాపాయం ఎక్కువ. అది అరుదు, కానీ నిజం. కాబట్టి భర్తకు పొక్కులు ఉన్నా, ఎప్పుడైనా లేచి ఉన్నా ఆ చివరి నెలల్లో దూరంగా ఉండాలి, డాక్టర్‌కు చెప్పాలి. కాన్పు సమయానికి తల్లికి పొక్కులుంటే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు. షరమ్‌తో దాచారా, ఆ నిర్ణయం తీసుకునే అవకాశం డాక్టర్‌కు ఉండదు. పెదవి మీద పొక్కు ఉన్న పెద్దవాళ్ళు ఎవరైనా సరే పసిబిడ్డను ముద్దుపెట్టుకోకూడదు.

వేలూరు దాకా పోవాలని కూడా లేదు. సర్కారీ పెద్దాస్పత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో ఈ రోగాలకు విడిగా గది ఉంటుంది. పరీక్ష, మందులు ముఫ్త్. ఒక్కో రోగ లక్షణానికి ఒక్కో రంగు డబ్బా పెట్టారు, మందు పేరు పైకి చదవక్కర్లేకుండా. హెర్పిస్ పుళ్ళకు అయిదో నంబరు, ఎర్ర డబ్బా. అందులో ఉండేది ఎలియన్ తెచ్చిన ఆ అసైక్లోవిరే. పొక్కు లేచిన మొదటి రెండు మూడు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మియా బీబీ ఇద్దరూ కలిసి పోతే డాక్టర్ ఇద్దరితోనూ ఒకేసారి మాట్లాడతారు. ఆ బహెన్‌కు ఫోన్ పెట్టేసే ముందు చివరగా చెప్పింది ఇదే. ఆయన్ను కూడా తీసుకుని పొమ్మన్నాను. అడిగి చూస్తానన్నారు.